వాయుగుండము వార్త – రైతు తెలిసికొనవలసిన మాటలు

స్వాతి, విశాఖ కార్తెలు వచ్చునప్పటికి బంగారుపాళ్యం ప్రాంతపు వేరుసెనగ రైతు కొంత పంటను నేలలోను, కొంత పంటను కళ్ళములోను ఉంచుకొని ఆకాశము వైపు చూచుచుండును. వరి ఈనుచుండును లేదా కోతకు వచ్చుచుండును. చెరకు ఏపుగా పెరిగి బరువెక్కి ఉండును. సరిగా ఆ రోజులలోనే “నైరుతి బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినది, అది బలపడి వాయుగుండముగా మారవచ్చును” అను వార్త రేడియోలోను, టెలివిజనులోను, చేతిలోని ఫోనులోను వచ్చును.

ఈ వార్తను అందరును విందురు. కాని అందులోని మాటలకు సరియైన అర్థము తెలియకపోవుటచే రెండు విధముల నష్టము కలుగుచున్నది. కొందరు “వాయుగుండమే గదా, తుపాను కాదు గదా” అని కళ్ళములోని కాయను అట్లే వదలి తడుపుకొందురు. మరికొందరు సముద్రములో ఏమి పుట్టినను భయపడి, ముదరని చేనును తొందరపడి పీకి, తాలుకాయలతో దిగుబడి పోగొట్టుకొందురు. మాటకు అర్థము తెలిసినచో ఈ రెండు నష్టములను చాలవరకు తప్పించుకొనవచ్చును. బడికి పోవు పిల్లలకు కూడ ఈ పదములు పాఠములలో వచ్చును గనుక వారితో కలసి చదువుట ఇద్దరికిని మేలు.

ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. వాయుగుండము, తుపాను అను పేర్లు గాలి వేగమును బట్టి పెట్టినవి. వాన ఎంత కురియునో చూచి పెట్టినవి కావు. సముద్రమునకు సుమారు 150 కిలోమీటర్ల దూరములో, కనుమ క్రింద నున్న మనకు గాలికంటె వానయే ముఖ్యము.

గాలికి కూడ బరువు కలదు

మన చుట్టును ఉన్న గాలికి బరువు కలదు. సముద్రమట్టము వద్ద ఒక చదరపు సెంటీమీటరు చోటుపై సుమారు ఒక కిలో బరువు గల గాలి నిలిచి యుండును. ఈ ఒత్తిడినే పీడనము అందురు. దీనిని బారోమీటరుతో కొలిచి మిల్లీబార్లలో చెప్పుదురు. సముద్రమట్టము వద్ద సగటు పీడనము 1013 మిల్లీబార్లు.

వేడెక్కిన గాలి ఉబ్బి, తేలికయై పైకి లేచును. అచ్చట పీడనము తగ్గును. చుట్టుప్రక్కల కంటె పీడనము తగ్గిన చోటునే అల్పపీడనము అందురు. మెరక కయ్యలోని నీరు పల్లపు కయ్యలోనికి పారునట్లు, ఎక్కువ పీడనము గల చోటనుండి తక్కువ పీడనము గల చోటికి గాలి పారును. కాని భూమి తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా పోక, మన ఉత్తరార్ధ గోళములో కుడివైపునకు ఒరగును. అందుచే అల్పపీడనము చుట్టును గాలి అప్రదక్షిణముగా, అనగా గడియారపు ముండ్లకు ఎదురు దిశగా, సుడి తిరుగును.

ఈ సుడికి బలమిచ్చునది సముద్రమే. సముద్రపు పైనీటి వేడిమి సుమారు 26.5 డిగ్రీల సెంటిగ్రేడునకు మించియున్నచో నీరు మిక్కుటముగా ఆవిరియగును. ఆ ఆవిరి పైకి పోయి చల్లబడి మేఘమగునప్పుడు, తనలో దాచుకొనిన వేడిని విడుచును. ఆ వేడికి గాలి మరింత పైకి లేచును. పీడనము మరింత తగ్గును. సుడి మరింత బలపడును. నేలమీదికి వచ్చిన పిమ్మట ఈ ఆవిరి సరఫరా తగ్గును, కొండలు, చెట్లు గాలిని అడ్డగించును. అందుచే తీరము దాటిన తుపాను గాలి త్వరలోనే నెమ్మదించును.

అల్పపీడనము మొదలు పెనుతుపాను వరకు

సుడిలో కొంతసేపు నిలకడగా వీచు గాలి వేగమును బట్టి భారత వాతావరణ శాఖ ఈ క్రింది పేర్లు వాడును. వేగము గంటకు కిలోమీటర్లలో.

అల్పపీడనము – 31 లోపు
వాయుగుండము – 31 నుండి 49
తీవ్ర వాయుగుండము – 50 నుండి 61
తుపాను – 62 నుండి 88
తీవ్ర తుపాను – 89 నుండి 117
అతి తీవ్ర తుపాను – 118 నుండి 165
అత్యంత తీవ్ర తుపాను – 166 నుండి 221
పెనుతుపాను – 222, ఆపైన

తుపాను స్థాయికి వచ్చిన తరువాతనే దానికి పేరు పెట్టుదురు. ఈ పేర్లను హిందూ మహాసముద్రపు ఉత్తర భాగము చుట్టునున్న 13 దేశములు ముందుగానే ఇచ్చిన పట్టీ నుండి వరుసగా తీయుదురు.

ఇవి గాక మరి రెండు మాటలు తరచుగా వినబడును. మొదటిది ఉపరితల ఆవర్తనము. నేలకు ఒకటిన్నర, మూడు, లేక అంతకు మించిన కిలోమీటర్ల ఎత్తున గాలి సుడి తిరుగుచుండుటయే ఆవర్తనము. కొన్ని ఆవర్తనములు క్రిందికి దిగి అల్పపీడనములగును. కొన్ని పైననే చెదరిపోవును. రెండవది ద్రోణి. ద్రోణి అనగా దోనె. గుండ్రముగా గాక, దోనె వలె పొడుగుగా సాగిన తక్కువ పీడనపు చారయే ద్రోణి. వేసవిలో మామిడి కాయ మీద నుండగా వచ్చు ఉరుముల వానలు, వడగండ్లు పెక్కుసారులు ఇట్టి ద్రోణి వెంటనే వచ్చును.

నవంబరు 19 – రెండు విపత్తులు

పేరు గాలిని బట్టియే గాని వానను బట్టి కాదనుటకు మన రాష్ట్రములోనే రెండు ఉదాహరణములు గలవు.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమపై మిక్కిలి తీవ్రమైన తుపాను విరుచుకొనిపడినది. ఆ గాలి సముద్రపు నీటిని ఒడ్డునకు త్రోసి ఉప్పెనగా లేపినది. ఆటుపోట్లు చంద్రసూర్యుల ఆకర్షణ వలన ప్రతిదినము వచ్చునవి; ఉప్పెన గాలి త్రోపుడు వలనను, పీడనము తగ్గుట వలనను వచ్చునది. పోటు సమయమున ఉప్పెన వచ్చినచో నీటిమట్టము ఇంకను పెరుగును. ఆనాడు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు గ్రామములను ముంచివేసినది. సుమారు 10,000 మంది మరణించిరి.

44 సంవత్సరముల తరువాత, సరిగా అదే తేదీన, 2021 నవంబరు 19 తెల్లవారుజామున, ఒక వాయుగుండము పుదుచ్చేరికి, చెన్నైకి నడుమ తీరము దాటినది. అది తుపాను స్థాయికి రాలేదు. కనుక దానికి పేరు కూడ లేదు. అయినను దాని వానలకు తిరుపతి వీధులు ఏరులైనవి. తిరుమల కనుమదారులలో కొండచరియలు విరిగిపడినవి. స్వర్ణముఖి పొంగినది. రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఆ ఉదయము కొట్టుకొనిపోగా, దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ వెంటనే రామచంద్రాపురం మండలములోని రాయలచెరువు కట్టకు గండిపడునను భయముతో దిగువ ఊళ్ళవారిని ఖాళీ చేయించవలసి వచ్చినది.

దివిసీమలో ప్రాణములు తీసినది గాలి లేపిన సముద్రము. మన సీమలో ప్రాణములు తీసినది కొండలపై కురిసిన వాన. పట్టికలో మొదటిది చాల పై మెట్టున నున్నది, రెండవది క్రింది నుండి రెండవ మెట్టు మాత్రమే. “వాయుగుండమే గదా” అను మాట మన ప్రాంతమున ఎందుకు తగదో దీనివలన తెలియుచున్నది.

మనకు వాన ఎట్లు వచ్చును?

గాలి ఎంత వెచ్చగా నుండునో అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల వేడిమి గల ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టియుంచగలదు. 20 డిగ్రీలకు చల్లబడినచో సుమారు 17 గ్రాములే పట్టగలదు. మిగిలినది నీరై వెలికివచ్చును. గాలి పట్టగలిగినంత ఆవిరిలో ప్రస్తుతము నూటికి ఎంత యున్నదో చెప్పునదే గాలిలో తేమ శాతము. తేమ 100 శాతమనగా గాలి నిండినదని అర్థము.

గాలి పైకి లేచునప్పుడు ప్రతి కిలోమీటరు ఎత్తునకు సుమారు 6 మొదలు 10 డిగ్రీల వరకు చల్లబడును. చిత్తూరు నుండి బంగారుపాళ్యం మీదుగా పలమనేరు పోవువారికి మొగిలి కనుమ తెలిసినదే. సముద్రము మీదినుండి తూర్పుగాలి ఆవిరిని మోసికొనివచ్చినప్పుడు, ఆ గాలి కూడ మన వలెనే కనుమ నెక్కవలెను. ఎక్కుచు చల్లబడి, మోయలేని నీటిని కొండల మీదను, వాటి క్రింది పల్లెల మీదను దింపును. అందుచే తీరము దాటి గాలి నెమ్మదించిన తరువాత కూడ, తూర్పుగాలి నిలిచియున్నంత కాలము వాన నిలువదు.

వార్తలో “ఎక్కడ తీరము దాటును” అను మాటను కూడ జాగ్రత్తగా వినవలెను. సుడి అప్రదక్షిణముగా తిరుగునని పైన చెప్పితిమి. కనుక సుడి నడిబొడ్డునకు ఉత్తరమున నున్న వారికి గాలి తూర్పునుండి, అనగా సముద్రము నుండి వచ్చును. దక్షిణమున నున్న వారికి గాలి పడమటి నుండి, అనగా నేలమీదినుండి వచ్చును. చెన్నైకి దక్షిణముగా తీరము దాటునది మనలను తన ఉత్తరపు ప్రక్కన ఉంచును. భారీ వర్షమునకు సిద్ధముగా నుండవలెను. మచిలీపట్నము వైపున తిన్నగా తీరము దాటునది మనకు సాధారణముగా అంత వాన నీయదు. అయితే దాటుటకు ముందు నడచిన దారిని కూడ చూడవలెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల వద్ద తీరము దాటినదే గాని, అంతకుముందు తీరము వెంట నడచి చెన్నైని ముంచివేసినది.

మూడవ మాట నడక వేగము. “నెమ్మదిగా కదలుచున్నది”, “నిలకడగా నున్నది” అనినచో వాన ఒకే ప్రాంతముపై గంటల తరబడి కురియునని తెలిసికొనవలెను.

చెన్నైలోను, శ్రీహరికోటలోను గల డాప్లర్ రాడార్లు వాన మేఘములను, వాటి కదలికను కనిపెట్టుచుండును. తిరుపతి–చిత్తూరు దారికి చేరువలో గాదంకి వద్ద గల జాతీయ వాతావరణ పరిశోధనాలయము భూమినుండి రేడియో తరంగములను పైకి పంపి, ఎత్తయిన పొరలలో గాలి ఎట్లు వీచునో పరిశోధించుచున్నది.

వాన కొలత మాటలు

వాన మిల్లీమీటర్లలో కొలువబడును. నేల యింకకుండ, పారకుండ, ఆవిరి కాకుండ నిలిచినచో ఎంత లోతున నీరుండునో అదియే వర్షపాతము. ఒక మిల్లీమీటరు వాన ఎకరమునకు సుమారు 4,000 లీటర్లు. ఒక సెంటీమీటరు వాన ఎకరమునకు సుమారు 40,000 లీటర్లు, అనగా ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఉదయము ఎనిమిదిన్నర మొదలు మరునాటి ఎనిమిదిన్నర వరకు పడిన వానను ఒక దినపు వానగా లెక్కింతురు. దానిని బట్టి పేర్లు ఇవి:

తేలికపాటి వర్షము – 2.5 నుండి 15.5 మి.మీ.
మోస్తరు వర్షము – 15.6 నుండి 64.4 మి.మీ.
భారీ వర్షము – 64.5 నుండి 115.5 మి.మీ.
అతి భారీ వర్షము – 115.6 నుండి 204.4 మి.మీ.
అత్యంత భారీ వర్షము – 204.5 మి.మీ., ఆపైన

మన రైతునకు గాలి పట్టికకంటె ఈ పట్టికయే ముఖ్యము. ఒక చదరపు కిలోమీటరు పరివాహక ప్రదేశము గల కుంటను తీసికొందము. దానిపై 100 మి.మీ. వాన పడినచో 10 కోట్ల లీటర్ల నీరు. నేల ముందే నానియున్నచో అందులో పెద్ద భాగము కొన్ని గంటలలోనే కుంటలోనికి చేరును. మొరవ పూడిపోయియున్నచో ఆ నీరు కట్టపైకి ఎక్కును. మట్టికట్టపై నీరు పొర్లినచో గండి పడకుండుట అరుదు.

చోటును తెలుపు మాటలకు కూడ లెక్క కలదు. “ఒకటి రెండు చోట్ల” అనగా ఆ ప్రాంతపు వానమాన కేంద్రములలో నూటికి 25 వరకు. “కొన్ని చోట్ల” అనగా 26 నుండి 50. “అనేక చోట్ల” అనగా 51 నుండి 75. “దాదాపు అన్ని చోట్ల” అనగా 76కు పైన. “ఒకటి రెండు చోట్ల భారీ వర్షము” అనినప్పుడు మన ఊర చినుకు పడకున్నను వార్త తప్పు కాదు. రంగుల హెచ్చరికలలో ఆకుపచ్చ ఏమియు అక్కరలేదనియు, పసుపు గమనించుచుండుమనియు, నారింజ సిద్ధముగా నుండుమనియు, ఎరుపు వెంటనే జాగ్రత్త పడుమనియు చెప్పును.

ఋతువును నడుపు సముద్రము

ఇంతవరకు చెప్పినవి ఒకటి రెండు దినములకు, వారమునకు సంబంధించిన మాటలు. ఋతువంతటికి సంబంధించిన మాటలు వేరు. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును. సముద్రము నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారును. వేసవిలో నేల వేడెక్కగా సముద్రముపై నుండి నైరుతి ఋతుపవనము వచ్చును. ఇది సగటున జూన్ 1న కేరళను తాకును. ఆ గాలి తేమలో చాల భాగము పడమటి కనుమలపైననే కురిసిపోవుటచే రాయలసీమకు తక్కువ మిగులును. చలికాలమునకు ముందు గాలి మరలి, సగటున అక్టోబరు 20 ప్రాంతమున ఈశాన్య ఋతుపవనము ప్రవేశించును. మన జిల్లాకు ఈ రెండును కావలసినవే.

ఎల్‌నినో అను మాట స్పానిష్ భాషలోనిది. బాలుడని, బాలయేసు అని అర్థము. క్రిస్మసు రోజులలో తమ తీరపు నీరు వేడెక్కి చేపలు తగ్గుట చూచి పెరూ దేశపు జాలరులు ఈ పేరు పెట్టిరి. పసిఫిక్ మహాసముద్రపు నడిమి, తూర్పు భాగములు వేడెక్కుట ఎల్‌నినో, చల్లబడుట లానినా. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా నున్న గిల్బర్ట్ వాకర్, మన వానలు ఎందుకు తప్పుచున్నవో వెదకుచు, పసిఫిక్, హిందూ మహాసముద్రముల పీడనములు త్రాసు తట్టల వలె ఒకటి లేచిన ఒకటి దిగుచున్నవని కనుగొనెను. పశ్చిమ హిందూ మహాసముద్రము తూర్పు భాగముకంటె వెచ్చనగుటను, చల్లనగుటను హిందూ మహాసముద్ర ద్విధ్రువము అందురు. దీనిని 1999లో భారత, జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

ఎల్‌నినో వచ్చినచో నైరుతి వానలు తగ్గు అవకాశము హెచ్చు. 2015లో దేశమంతటి నైరుతి వర్షము సగటులో 86 శాతమే. కాని అదే సంవత్సరము నవంబరు, డిసెంబరులలో చెన్నై వరద పాలైనది. నెల్లూరు, చిత్తూరు జిల్లాలలోను భారీ వర్షములు కురిసినవి. ఎల్‌నినో యేడు ఈశాన్య వానలు పెక్కుసారులు హెచ్చుగా నుండును. లానినా యేడు తగ్గుటయు కలదు. అయినను ఇది కట్టుబాటు కాదు. పైన చెప్పిన 2021 లానినా సంవత్సరమే. కావున ఎల్‌నినో వార్తను ఏ పంట వేయవలెనో ఆలోచించుటకు వాడుకొనవలెను. కళ్ళములోని కాయను ఎప్పుడు తీయవలెనో దానినిబట్టి నిర్ణయింపరాదు.

“సాధారణ వర్షపాతము” అనగా అనేక సంవత్సరముల సగటు. దానికి నూటికి 19 వరకు హెచ్చినను తగ్గినను సాధారణమనియే అందురు. నలువది దినములు ఎండి, నాలుగు దినములలో కుండపోతగా కురిసినను మొత్తము సరిపోయినచో కాగితముపై అది సాధారణమే. అందుచే మొత్తముతో పాటు ఏ వారమున ఎంత పడినదో కూడ చూడవలెను.

వార్త విన్న పిమ్మట చేయవలసినవి

1. వేరుసెనగ: నాలుగైదు చోట్ల మొక్కలు పీకి కాయలు ఒలిచి చూడవలెను. డొల్ల లోపలి భాగము నల్లబడిన కాయలు నూటికి 75కు మించియున్నచో, వాన రాకమునుపే ఆరబెట్టు వ్యవధి యున్నచో పీకవచ్చును. లేనిచో పీకిన చెట్లు తడియుటకంటె నేలలో నుండుటయే మేలు. అయితే గుత్తి రకములు పక్వమైన పిదప తడి నిలిచినచో నేలలోనే మొలకెత్తును గనుక చేనిలో నీరు నిలువకుండ కాలువలు తీయవలెను.

2. కళ్ళములోని కాయను మెరక చోటికి చేర్చి, టార్పాలిను కప్పి, చుట్టును గాడి తీయవలెను. వాన వెలిసిన వెంటనే కప్పు తీసి ఆరబెట్టవలెను. తేమ 9 శాతమునకు తగ్గకుండ నిలువ చేసిన గింజలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అను విషము చేరును. అది మనుష్యులకును, పిండి మేయు పాడి పశువులకును హాని చేయును.

3. వరి: కోతకు వచ్చిన పైరు పడిపోయి నానినచో, వెన్నులో మొలక రాకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారి చేయవలెను. నీటిని వెంటనే తీసివేయవలెను.

4. చెరకును జడ చుట్టి నిలుపవలెను. టమాటాకు ఊతకర్రలు సరిచూడవలెను.

5. యూరియా చల్లుట, మందు కొట్టుట వాయిదా వేయవలెను. వానకు రెండును కొట్టుకొనిపోవును.

6. చెరువు మొరవలను, తూములను వానకు ముందే ఊరివారందరు కలసి శుభ్రపరచవలెను. కట్టపై బుంగలు, చీలికలు కనబడినచో నీటిపారుదల అధికారులకు తెలుపవలెను. వాగు పారుచుండగా పశువులను, బండ్లను దాటింపరాదు.

7. మామిడి: పూత సమయమున మోడము పట్టి తేమ హెచ్చినచో తేనెమంచు పురుగును, బూడిద తెగులును కనిపెట్టియుండవలెను. ఉరుము వినబడినప్పుడు చెట్టు క్రింద నిలువరాదు.

వాతావరణ శాఖ వారి మేఘదూత్ యాప్‌లో రైతు సలహాలును, దామిని యాప్‌లో పిడుగుల హెచ్చరికలును తెలుగులో చూడవచ్చును.

ఇంటివద్దనే వాన కొలుచుట

నిలువు గోడలు గల డబ్బా ఒకటి, పిల్లల స్కేలు ఒకటి యున్న చాలును. డబ్బాను చెట్లకు, ఇండ్లకు వాటి ఎత్తునకు రెండింతల దూరమున, ఆరుబయట, అంచు నేలకు ఒక అడుగు ఎత్తున ఉండునట్లు కదలకుండ నిలుపవలెను. ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు అందులోని నీటి లోతును మిల్లీమీటర్లలో చూచి, నోటు పుస్తకములో తేదీతో వ్రాసి, నీటిని పారబోయవలెను. ఈ పనిని బడి పిల్లలకు అప్పగించవచ్చును. మండల కేంద్రములోని వానకును, మన చేనిలోని వానకును తేడా ఎంతయో ఒక్క సంవత్సరములోనే తెలియును. ఎన్ని మిల్లీమీటర్లకు దుక్కి పదునగునో, ఎన్ని మిల్లీమీటర్లకు మన కుంట మొరవ పోవునో ఆ పుస్తకమే చెప్పును.

ఇకమీదట వార్త విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: ఎక్కడ తీరము దాటును? ఎంత వేగముగా నడచుచున్నది? మన జిల్లాకు ఎన్ని సెంటీమీటర్ల వాన చెప్పిరి? మన నేల, మన చెరువు ఇప్పటికే ఎంత నిండియున్నవి? ఈ నాలుగింటికి జవాబు తెలిసిన రైతు, ఆ సుడికి పేరున్నను లేకున్నను, చేయవలసిన పనిని వేళకు చేసికొనగలడు.